పద్నాలుగేళ్ళ చదువరికి పలుచటి పుస్తకం

వరసగా మూడేళ్ళు పదో తరగతి ఫలితాల పట్టికలో అట్టడుగున నిలిచిన జిల్లా వికారాబాద్. 2023లో రాష్ట్రం మొత్తమ్మీద 86.60 శాతం మంది పాసైతే ఇక్కడ 59.46. 2024లో రాష్ట్రానిది 91.31, జిల్లాది 65.10. 2025లో 92.78 పక్కన 73.97. ఫలితాలొచ్చిన ప్రతిసారీ చివరి స్థానం గురించే మాట్లాడుకున్నాం. రాష్ట్రానికీ జిల్లాకూ మధ్య ఎడం 27 పాయింట్ల నుంచి 19 పాయింట్లకు తగ్గిన సంగతి పెద్దగా ఎవరి కంటా పడలేదు. ఎక్కిన మెట్లకు కూడా లెక్క ఉండాలి కదా.

పాస్ శాతం పడిపోతే మనం మొదట చూసేది పదో తరగతినే. సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ముఖ్యమైన ప్రశ్నల జాబితాలు. ఇవి పనికిరావని అననుగానీ, చాలామంది పిల్లల విషయంలో అసలు చిక్కు అంతకు ఆరేడేళ్ళ ముందే మొదలైంది. లెక్కల పరీక్షలో కూడా లెక్క కంటే ముందు చదవాల్సింది ప్రశ్న. సైన్సు, సాంఘికం పేపర్లయితే ఆసాంతం చదువే. ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికే తోటివాళ్ళకు పట్టే సమయానికి మూడింతలు పట్టే పిల్లాడు, జవాబు తెలిసినా ఓడిపోతాడు.

అలాంటి పిల్లలు ఎంతమంది? పల్లె పిల్లల చదువు మీద 2005 నుంచి వస్తున్న అసర్ సర్వే దీనికి ఒక కొలత పెట్టుకుంది. పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, చివరగా రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. కథంటే ఎనిమిది పది వాక్యాలు. పరీక్షలో అన్నిటికంటే పై మెట్టు అదే. 2024లో దేశవ్యాప్తంగా పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ కథను చదవగలిగినవాళ్ళు 71.1 శాతం. అంటే నూటికి 29 మంది చదవలేకపోయారు. అంతకు ముందు ఏడాది 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు ఇదే కాగితం ఇస్తే, సొంత రాష్ట్రపు భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేనివాళ్ళు పావు వంతు తేలారు. 40 మంది ఉన్న తరగతి గదిలో 10 మంది. ఆ పది మంది ఏ వరసలో కూర్చుంటారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు, ఏ సార్‌ని అడిగినా చెబుతాడు.

వికారాబాద్ జిల్లాలో ఇంటి నుంచి అందే ఆసరా ఇంకాస్త తక్కువ. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత 66.5 శాతం ఉండగా, ఇప్పుడు వికారాబాద్ జిల్లాలోకి వచ్చిన ప్రాంతంలో 58 శాతం దగ్గరే ఆగింది. జనాభా 9.27 లక్షలు, పట్టణాల్లో ఉండేవాళ్ళు నూటికి 14 మందైనా లేరు. నాయన తాండూరు బండల గనిలో, అమ్మ కందిచేన్లో పనికి పోయే ఇంట్లో సాయంత్రం పిల్లాడి పక్కన కూర్చుని చదివించే మనిషి దొరకడం కష్టం. కాబట్టి చదవడం నేర్చుకోవడమైనా, మరచిపోవడమైనా బడిలోనే జరగాలి.

బడిలో పథకాలు లేక కాదు. 2021 జులై 5న కేంద్రం నిపుణ్ భారత్ ప్రారంభించింది. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. 2022 ఫిబ్రవరి 5న రాష్ట్రం వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ వచ్చింది. పై తరగతుల్లో వెనకబడ్డవాళ్ళ కోసం 2023–24లో ‘ఉన్నతి’ వచ్చింది. ఈ చివరిదే మన విషయానికి దగ్గర. తొలిమెట్టు దాటకుండానే హైస్కూలుకు వచ్చేసినవాళ్ళు ఉన్నారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు లెక్క. పైగా విద్యాహక్కు చట్టం బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకొమ్మంటుంది. పన్నెండేళ్ళ పిల్ల ఏడో తరగతిలో కూర్చోవాలి. మంచి చట్టమే. కానీ ఆ పిల్ల చేతికి ఇవ్వాల్సిన పుస్తకం గురించి చట్టం ఏమంటుంది? పాఠ్యపుస్తకం ఏడో తరగతిది. చదువు రెండో తరగతిది. మధ్యలో ఏమీ లేదు.

మన లిపి సంగతి కూడా చూడాలి. తెలుగు రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం, అందుకే తేలిక అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ తేలిక వెనక ఒక లెక్కుంది. 36 హల్లులకు 16 గుణింతాలు వేస్తే 576 రూపాలు. వాటిలో కొన్ని ఎప్పుడో గాని కనిపించవు, అయినా కొన్ని వందలు మిగులుతాయి. ఆపైన ఒత్తులు. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడంలో పిల్లలు అక్షరాలు ఎలా పట్టుకుంటారో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేస్తే, నాలుగైదు తరగతుల దాకా ఆ నేర్పు సాగుతూనే ఉంటుందని తేలింది. మన పాఠ్యక్రమం మాత్రం ఒకటి రెండు తరగతుల్లోనే అక్షరాల పని అయిపోయిందనుకుని ముందుకు పోతుంది. మూడో తరగతిలో సంయుక్తాక్షరాల దగ్గర తడబడ్డ పిల్లాడికి మళ్ళీ వెనక్కి వచ్చి చెప్పేవాళ్ళు ఉండరు. వాడు వినడం మీద, పక్కవాడి నోటుబుక్కు మీద ఆధారపడి ఎనిమిదికి వస్తాడు. బొత్తిగా రాదని కాదు, వస్తుంది. నిమిషానికి 20 మాటలు వస్తాయి.

ఆ 20 అంటే ఏమిటో దగ్గర నుంచి చూద్దాం. తాండూరు బండల మీద, పాఠ్యపుస్తకాల ధోరణిలో నేనే ఒక వాక్యం రాశాను:

‘తాండూరు పరిసర ప్రాంతాలలో విస్తారంగా లభ్యమయ్యే సున్నపురాతి నిక్షేపాల వెలికితీత వందలాది కుటుంబాలకు జీవనాధారమైనప్పటికీ, ధూళి కారణంగా కార్మికులు శ్వాసకోశ వ్యాధుల బారిన పడుతున్నారు.’

18 మాటలు. అందులో అతి పొడవైనది ‘జీవనాధారమైనప్పటికీ’, పది అక్షరాలు. నిమిషానికి 20 మాటలు చదివేవాడికి ఈ వాక్యం పూర్తవడానికి 54 సెకన్లు పడుతుంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. ఎవరు ఏమైపోతున్నారో తెలియాలంటే 54వ సెకను దాకా మొదటి 17 మాటల్నీ మనసులో మోస్తూ ఉండాలి. నిమిషానికి 60 మాటలు చదివేవాడికైతే అదే 18 సెకన్లు, మోయగలడు. 54 సెకన్లు మోయడం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు. వాక్యం చివరికి వచ్చేసరికి ‘పరిసర ప్రాంతాలు’ ఎక్కడివో గుర్తుండదు. మళ్ళీ మొదటికి పోవాలి. అలా రెండుసార్లు వెనక్కి పోయిన పిల్లాడు మూడోసారి పుస్తకం మూసేస్తాడు. దాన్ని మనం బద్ధకం అంటాం.

ఇప్పుడు అదే సంగతి ఇంకో రకంగా:

‘మా నాయన బండల గనిలో పని చేస్తడు. పొద్దున పోతడు, మాపటికి వస్తడు. ఒళ్ళంతా తెల్లగా దుమ్ము. రాత్రి దగ్గుతడు. అమ్మ నీళ్ళిస్తది. నాకు నిద్ర రాదు.’

మాటలు తగ్గలేదు, నిజానికి 20 ఉన్నాయి. వాక్యాలు ఆరయ్యాయి. పొడవైన వాక్యంలో ఆరు మాటలు, పొడవైన మాటలో నాలుగు అక్షరాలు. 18 సెకన్లకు మొదటి వాక్యం చేతికొస్తుంది. విషయం ఏమాత్రం చిన్నపిల్లలది కాదు. పాఠ్యపుస్తకపు ధోరణి వాక్యంలో ఎక్కడా లేని దిగులు ఇందులో ఉంది.

ఇక్కడ ఒత్తుల లెక్క కూడా వేశాను, అది కాస్త ఆశ్చర్యం కలిగించింది. మొదటిదాంట్లో 18 మాటల్లో పదింటికి ఒత్తులున్నాయి. రెండోదాంట్లో 20 మాటల్లో పదకొండింటికి! తేలిక పాఠంలో ఒత్తులు తగ్గలేదు. అయితే రకం మారింది. రెండోదాంట్లో ఏడు ద్విత్వాలు: ద్దు, ళ్ళం, ల్ల, మ్ము, గ్గు, మ్మ, ళ్ళి. నోట్లో రోజూ నలిగే మాటలే. సంయుక్తాలు ఐదున్నా, వాటిలో మూడు ‘స్త’లే, తక్కినవి ‘త్రి’, ‘ద్ర’. మొదటిదాంట్లో ప్రా, స్తా, భ్య, క్షే, ర్మి, శ్వా, వ్యా అని ఏడు సంయుక్తాలు, ఏడూ వేరువేరు. ఒత్తులు లేని మాటలతోనే కథలు అల్లడం మనవాళ్ళకు ఒక అలవాటు. ఆరేళ్ళ పిల్లలకు సరే. పద్నాలుగేళ్ళవాడికి అలాంటి కథ ఇస్తే అందులో అమ్మ ఉండదు, అన్నం ఉండదు, అన్న ఉండడు. మనుషులెవరూ మాట్లాడని భాష ఒకటి తయారవుతుంది. తేలికకు కొలత ఒత్తులు కావు. వాక్యం పొడవు, మాట పొడవు, ఆ మాట ముందే విని ఉండటం, ఈ మూడే.

మన బడుల్లో తేలిక పుస్తకాలు లేకపోలేదు. ఏ బీరువా తెరిచినా ఏనుగులు, కాకులు, కుందేళ్ళు, చందమామను అడిగే పాపాయిలు కనిపిస్తారు. మంచి బొమ్మలతో, మంచి కాగితంతో. కానీ మూతి మీద మీసం మొలుస్తున్న పిల్లాడు తోటివాళ్ళ ముందు కుందేలు పుస్తకం పట్టుకుని కూర్చోడు. కూర్చోమనడం కూడా తప్పే. వాడు సినిమాలు చూస్తాడు, క్రికెట్ స్కోర్లు చెబుతాడు, సెలవుల్లో కూలికి పోతాడు, ఫోనులో అమ్మకు డబ్బులు పంపిస్తాడు. వాడి బుర్రకు పద్నాలుగేళ్ళు, వాడి కంటి వేగానికి మాత్రం ఏడు. రెండు వయసులనూ విడివిడిగా చూసి రాసిన పుస్తకం కావాలి.

ఇంగ్లీషులో ఇది ఒక ప్రచురణ రంగంగానే ఎదిగింది. 1998లో ఎడిన్‌బరోలో మొదలైన బారింగ్టన్ స్టోక్ సంస్థ ఇలాంటి పుస్తకాలకే పేరుపడింది. చదివే వయసు ఎనిమిది, ఆసక్తి వయసు పన్నెండు అన్నట్టుగా రెండూ వేరుగా పెట్టుకుని పేరున్న రచయితల చేత రాయిస్తారు. తెల్ల కాగితం బదులు లేత పసుపు కాగితం, వెనక పేజీ అక్షరాలు కనిపించనంత మందం, వరసల మధ్య ఎడం. స్వీడన్‌లో తేలిక భాషలోనే ఒక వార్తాపత్రిక 1984 నుంచి వస్తోంది. దాని పేరే ‘ఎనిమిది పేజీలు’. అది పెద్దవాళ్ళ వార్తలే రాస్తుంది, చిన్న వాక్యాల్లో.

తెలుగులో ‘నెమ్మది చదువరుల కోసం’ అన్న పేరుతో పుస్తకాలు పెద్దగా రాలేదు గానీ, ఆ పని చేసిన పుస్తకాలు మనకు ఉన్నాయి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’నే తీసుకోండి. రెండు మూడు పేజీల కథ, పేజీకో బొమ్మ, పొడవు తక్కువ వాక్యాలు. బేతాళ కథలు నెలనెలా ఒకే రకంగా మొదలయ్యేవి. చదవడం అంతగా రానివాడు కూడా ఆ మొదటి పేరాను జ్ఞాపకం మీదే గడగడా దాటేసి కథలో పడేవాడు. రాజులు, దొంగలు, మోసగాళ్ళు, చిక్కు ప్రశ్నలు, అన్నీ ఏ వయసువాడైనా సిగ్గుపడకుండా చదవగలిగినవి. మన ఊళ్ళలో బడి మానేసినవాళ్ళు ఎందరో అద్దె పుస్తకాల దుకాణాల్లో డిటెక్టివ్ నవలలు పట్టి చదువరులయ్యారు. కొమ్మూరి సాంబశివరావు, మధుబాబు చేసిన ఈ మేలును సాహిత్య చరిత్రలు అంతగా పట్టించుకోలేదు. తర్వాతి పేజీలో ఏమవుతుందో అన్న తహతహ ఉంటే పిల్లాడు సంయుక్తాక్షరాన్ని కూడా గుటుక్కున మింగేస్తాడు.

ఇక తాండూరు పక్కనే ఒక రచయిత్రి పేరుంది. గోగు శ్యామల పుట్టింది పెద్దేముల్‌లో. ఆమె కథల పుస్తకం ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’లోని మనుషులు, చెరువులు, పొలాలు, మాటతీరు ఈ నేలవే. మాదిగ వాడల పిల్లలు, బడి, పనిపాటలు, ఊరి దొరలు కనిపిస్తారు. ఇంగ్లీషులో నవయాన సంస్థ 2012లో వేసి దేశమంతా చదివించింది. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో ఎనిమిది పిల్లల పుస్తకాల వరస తెచ్చినప్పుడు అందులోనూ ఆమె కథలున్నాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు, జూపాక సుభద్ర కథలూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఇళ్ళ పిల్లలే వాటిలో కథానాయకులు. ఆమె పెద్ద కథలను ఉన్నవి ఉన్నట్టు ఎనిమిదో తరగతిలో నెమ్మదిగా చదివేవాడి చేతిలో పెట్టమని నేననను. కొన్ని చోట్ల వాక్యం పొడవు, కొన్ని చోట్ల విషయం బరువు. సార్ పెద్దగా చదివి వినిపిస్తే, పిల్లలు పుస్తకంలో వేలు పెట్టి వెంట నడిస్తే సరిపోతుంది. తమ ఊరి పక్క మనిషి రాసిన పుస్తకం, తమ ఇంట్లో మాట్లాడే మాటలతో, అచ్చులో ఉందని చూడటమే పెద్దేముల్, ధారూర్, యాలాల పిల్లలకు ఒక వార్త.

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ అయితే పొట్టి కథలు, నవ్వు పుట్టిస్తాయి, తాండూరులో ముస్లిం ఇళ్ళ పిల్లలకు చిరపరిచితమైన ఇల్లు కనిపిస్తుంది. కాకపోతే అది నెల్లూరు యాస. తాండూరు పిల్లాడికి కొన్ని మాటలు ఆగి అడగాల్సి వస్తుంది. నామిని కథలదీ అదే ఇబ్బంది, చిత్తూరు నుడికారం తియ్యగానే ఉంటుంది గానీ నెమ్మదిగా చదివేవాడికి అది రెండో భాష. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ పలుచటి పుస్తకాలు, పీకాక్ క్లాసిక్స్ కుదించిన ప్రపంచ నవలలు కూడా చూడదగినవే. రెండోరకం వాటిని మాత్రం నిమిషానికి నలభై దాటినవాళ్ళకు ఉంచాలి.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ జిల్లాలో ‘తెలుగు చదవలేకపోతున్నాడు’ అన్న ప్రతి పిల్లాడికీ ఇంటి భాష తెలుగు కాదు. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తాండూరు, వికారాబాద్ పట్టణాల్లో ఉర్దూ. బషీరాబాద్ దాటితే కర్ణాటక సేడం, అక్కడ కన్నడం. లంబాడీ పిల్లాడు మొదటిసారి తెలుగును గట్టిగా వినేది బడిలో. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగుతో రెండింతల లావయ్యాయి. తెలుగులోనే 20 దగ్గర ఆగినవాడికి ఎదురు పేజీ ఎంత సాయమో ఊహించుకోవచ్చు. తండా పిల్లలకు లంబాడీ మాటలను తెలుగు లిపిలోనే రాసిన నాలుగు పేజీల కథ ఇచ్చి చూడాలి. మాట తెలిసినప్పుడు లిపి త్వరగా లొంగుతుంది.

ఎన్ని పుస్తకాలు కావాలి? ఇక్కడ చాలామంది లెక్క తలకిందులుగా వేస్తారు. నెమ్మదిగా చదివేవాడికి నాలుగు పుస్తకాలు చాలనుకుంటారు. రోజుకు 15 నిమిషాలు, ఏడాదిలో 200 రోజులు అనుకుందాం. 3,000 నిమిషాలు. నిమిషానికి 20 మాటల చొప్పున 60,000 మాటలు. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్ వేదికలో పుస్తకాలకు నాలుగు స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది అంతకు పైన. 600 మాటల పుస్తకాలైతే మన పిల్లాడికి ఏడాదికి 100 కావాలి. 250 మాటలవైతే 240. లావు నవల చదివేవాడికి ఏడాదికి పది చాలు. అంటే నెమ్మది చదువరికే ఎక్కువ పేర్లున్న బీరువా అవసరం. మన బడుల్లో జరిగేది దీనికి నేరుగా వ్యతిరేకం.

డబ్బు లేదనడానికి వీల్లేదు. సమగ్ర శిక్షా కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధి ఇచ్చే ఏర్పాటుంది. 10,000 వచ్చిన బడి, పుస్తకం 50 రూపాయల లెక్కన, 200 పలుచటి పుస్తకాలు కొనొచ్చు. ఊరి గ్రంథాలయాలకు వేరే దారి ఉంది, ఇంటిపన్ను ప్రతి రూపాయి మీదా 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టిన తాండూరు ఇల్లు 80 రూపాయలు పుస్తకాలకు ఇచ్చినట్టే. స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్నది పాత ఫిర్యాదు. బడికి కొన్న పుస్తకాలు స్టాకు రిజిస్టరులో ఎక్కి, పోతే జీతంలో కోస్తారేమోనన్న భయంతో తాళం వెనక ఉండిపోవడం ఇంకో పాత కథ. పుస్తకం చిరిగితే చదివినట్టు, పోతే ఎవరింట్లోనో ఉన్నట్టు అనుకునే ధైర్యం హెడ్మాస్టరుకు ఇవ్వాల్సింది పై అధికారులే.

నిధి రాకపోయినా ఒక దారుంది. స్టోరీవీవర్ పుస్తకాలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి. రచయిత పేరు, మూలం చెప్పి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. 16 పేజీల పుస్తకం నాలుగు ఏ–4 కాగితాల్లో మడత పెట్టి వేయొచ్చు. ఎనిమిది వైపులు, వైపుకు రెండు రూపాయలనుకున్నా 16 రూపాయలు. 30 పేర్లు, రెండేసి ప్రతులు వేస్తే 960 రూపాయలు. రంగుల బొమ్మలు జిరాక్సులో నల్లమసకగా వస్తాయి, అది నిజమే. కానీ పద్నాలుగేళ్ళవాడికి ఆ నలుపు తెలుపు పుస్తకమే పెద్దవాళ్ళ పుస్తకంలా కనిపిస్తుంది. అట్ట మీద స్థాయి అంకెను మాత్రం తీసేయాలి. ‘లెవల్ 1’ అని అచ్చువేసి ఎనిమిదో తరగతివాడికి ఇవ్వడం, వాడి మార్కుల్ని వీపుకు అంటించినట్టే. మార్చుకోవచ్చు అన్న వెసులుబాటు ఇంకా విలువైనది. ‘వెళ్తాడు’ని ‘పోతడు’ చేయొచ్చు. కాకిని తీసేసి కండక్టరును పెట్టొచ్చు.

అంతకన్నా మంచిది ఇక్కడే రాయించడం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎందుకొచ్చింది, ఆ నేలలో ఏముంది, గుర్తింపు వస్తే రైతుకేమిటి? 400 మాటలు. హైదరాబాదును తడిపే మూసీ వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఎలా మొదలవుతుంది? 300 మాటలు. బండను కోసి పాలిష్ పట్టేదాకా ఏం జరుగుతుంది? ఫోనులో ఓటీపీ అడిగి డబ్బు కొట్టేసేవాళ్ళ పద్ధతులేమిటి? పుస్తకం అంటే కథే కానక్కర్లేదు. మగపిల్లల్లో చాలామంది కథకంటే ‘ఎలా పనిచేస్తుంది’కే లొంగుతారు.

తేలిక పుస్తకం అంటే తేలిక విషయం అనుకునేవాళ్ళు నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల కాపురాలు ఏమవుతున్నాయో నాలుగు చిన్న మాటల్లో చెప్పిన పాఠం. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు దాన్ని చదివి, చర్చించి, సారా దుకాణం మీదకు పోయారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. వాళ్ళు చదివిన వేగం నిమిషానికి ఎన్ని మాటలో ఎవరూ కొలవలేదు గానీ, తొలి అక్షరాలవాళ్ళు ఎంత బరువైన విషయాన్నైనా పట్టుకోగలరనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మన దగ్గరా పెద్ద పిల్లల తొలి అక్షరాలకు చరిత్ర ఉంది. ఎం.వి. ఫౌండేషన్ 1991లో బాలకార్మికులను బడికి తెచ్చే పని మొదలుపెట్టింది అప్పటి రంగారెడ్డి జిల్లాలోనే. వికారాబాద్, తాండూరు 2016 దాకా ఆ జిల్లాలోవే. పదేళ్ళు, పన్నెండేళ్ళు దాటిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి చదువు చెప్పి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఆ పనికి సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు అందుకోలేరన్న మాట ఈ నేల మీద ఎప్పుడో వీగిపోయింది.

పుస్తకం సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ వద్దు. అమెరికా విద్యావేత్త ఎమ్మెట్ బెట్స్ 1946లో చెప్పిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. నూరు మాటల్లో 99 సరిగా చదివితే ఒక్కడే చదువుకోగల పుస్తకం. 95 అయితే ఎవరైనా పక్కన ఉండాలి. 90కి తగ్గితే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. తెలుగులో మాట పొడవు ఎక్కువ కాబట్టి ఒక మాట తప్పిందంటే అర్థంలో పెద్ద ముక్కే పోతుంది. నేనైతే 95 దగ్గరే గీత గీస్తాను. జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, ఒక్కో పిల్లాడి దగ్గర ఒక్క నిమిషం చదివించి మాటలు లెక్కపెట్టుకోవాలి. తరగతి ముందు కాదు, వరండాలో. ఆ అంకె టీచరు డైరీలో ఉంటే చాలు. ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కిందంటే జనవరికల్లా దానికీ స్లిప్ టెస్టు పెడతారు.